నాలుకతో ఎంచిన డబ్బా

మొన్న తిరుపతిలో మందుల అంగడికి పోయాను.

మా పక్కింటమ్మాయికి లావు తగ్గడానికి కడుపు చిన్నది చేసే ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఇవన్నీ పన్ను పీకించుకున్నంత సులువుగా చేయించుకుంటున్నారు. ఆ పిల్లకు ప్రోటీన్ పొడి కొనాలని వాళ్లమ్మ నన్ను తోడు రమ్మంది. అంగడతను బల్ల మీద డబ్బాలు వరసగా పెట్టి, ఒకదాని మూత తీసి, చెంచాతో కాస్త పొడి తీసి ఆమె చేతికిచ్చాడు.

"రుచి సూడండమ్మా. ఏది బాగుంటే అది తీసకపోండి."

ఆమె చెంచా నోటి దాకా తీసుకుపోయింది. నేను మణికట్టు పట్టుకుని లాగేశాను. పొడి బల్లంతా రాలింది. అంగడతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. చూడనీ, నాకేం. "ఇది రుచి చూసి కొనేది కాదమ్మా. డాక్టరు ఏది రాసిస్తే అదే తీసుకో. తెలియకపోతే ఫోను చేసి అడుగు" అన్నాను. కసిరినట్టే అన్నాను. పాపం, ఆమె బిత్తరపోయింది.

ఇంటికొచ్చి చెంబెడు నీళ్లు తాగి కూర్చున్నాక, మా మామను తలచుకుని ఏడుపొచ్చింది. మామ అంటే మా ఆయనకు నాయన.

ఆయనకు చిత్తూరులో బెల్లం మండీ ఉండేది. చుట్టుపక్కల పల్లెల్లో గానుగలాడిన రైతులు బెల్లం బండ్లకెత్తి మండీకి తెచ్చేవారు. కొనేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు. వీళ్లకూ వాళ్లకూ మధ్య మా మామ నాలుక ఉండేది. దిమ్మ అంచును గోటితో గిల్లి, ఆ పలుకు నాలుక కొసన పెట్టుకుని, కళ్లు మూసుకునేవాడు. మండీలో అరుపులన్నీ ఆగిపోయేవి. ఆయన కళ్లు తెరిచి చెప్పిందే ఆ సరుకు జాతకం.

"ఐరాల పక్క బెల్లం ఇది. బావి నీల్లు రవ్వంత ఉప్పన. అది సరే, పాకం ముందుగానే దించేసినావు గదప్పా, ఏం తొందరొచ్చింది నీకు?"

రైతు తల గోక్కునేవాడు. "ఇంటిదానికి నొప్పులొస్తాండాయని కబురొచ్చె..."

"అట్ల సెప్పు మరి! పాపా, పిల్లోడా?"

అక్కడితో సగం బేరం తీరిపోయేది. "తరాజు అబద్దం సెప్తుందేమో గానీ నాలిక సెప్పదబ్బా" అనేవాడు. ఆ మాట మండీలో ఎంతమందితో అన్నాడో, ఇంట్లో మాతోనూ అంతే. సాంబార్లో ఉప్పు తగ్గినా అదే మాట, పెళ్లివారింటి లడ్డులో నెయ్యి తగ్గినా అదే మాట.

మనిషి భారీ. వాకిలి దాటాలంటే ఒక భుజం ముందు పెట్టి పక్కకు తిరిగి రావలసిందే. రిక్షావాళ్లు ఆయన్ని దూరం నుంచి చూసి చక్రంలో గాలి లేదనేవారు. "మీ సక్రంలో గాలి లేదు, నా కడుపులో ఖాళీ లేదు. నడిసే పోతాలే" అని ఆయనే నవ్వించేవాడు. రోజంతా బెల్లం పలుకులు తిన్న ఒళ్లు, తగ్గమంటే తగ్గుతుందా?

కొత్త కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు నాకు మొదట పరిచయమైంది భయమే. మధ్యాహ్నం అన్నం తిని మామ నడవలో మంచం మీద వాలేవాడు. గురక మొదలయ్యేది. గురకకు ఎవరు భయపడతారు? అది ఆగితేనే భయం. ఉన్నట్టుండి ఆగిపోయేది. వంటింట్లో మా అత్త చేతిలో గరిటె ఆగేది. రోటి దగ్గర నా చేతిలో పొత్రం ఆగేది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ, ఊపిరి బిగబట్టి వినేవాళ్లం. అటు మంచం మీద ఊపిరి ఉండేది కాదు. అంతలో నీళ్లలో మునిగినవాడు పైకి లేచినట్టు ఒక్కసారి గాలి గట్టిగా పీల్చేవాడు. గురక మళ్లీ అందుకునేది. "వరసిద్ధి వినాయకా, నువ్వే దిక్కు" అని అత్త గరిటె తిప్పేది. ప్రతి మధ్యాహ్నం మాకు ఈ పరీక్షే.

చిత్తూరు డాక్టరు చూసి, ఈ బరువుతో నిద్రలోనే పోతాడని మొహమాటం లేకుండా చెప్పి మద్రాసుకు పంపించాడు. అవి ఎనభైల మొదటి రోజులు. మద్రాసులో ఒక డాక్టరు కొత్తరకం ఆపరేషన్ నేర్చుకుని వచ్చాడట. కడుపు పైభాగంలో చిన్న గిన్నె అంత మాత్రం ఉంచి, పేగును తెచ్చి దానికి కుట్టేస్తాడట. బంధువులంతా మా ఇంటికొచ్చి భయపెట్టిపోయారు. "కడుపు కోసి కడుపును కుట్టేదేందమ్మా? యాడన్నా ఇన్నామా?" అని ఒకరు, "కూటికి లేనోడు కడుపు మాడ్సుకుంటాడు గానీ ఉన్నోడు కోయించుకుంటాడా?" అని ఇంకొకరు.

మద్రాసు డాక్టరు రెండు మాటలు ఖండితంగా చెప్పాడు. ఆపరేషన్ తర్వాత తీపి ముట్టకూడదు, ముడితే అక్కడే పడిపోతాడు. రోజూ ప్రోటీన్ పొడి తాగాలి, లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోయి మనిషి మిగలడు. తీపి ముడితే పడిపోతాడన్న మాట మా అత్త చెవిలో చస్తాడన్నట్టే పడింది.

మా అత్తకు మామ చేతుల మీద నమ్మకం లేదు. కత్తి కిందికి పోయే ముందే కాణిపాకం తీసుకుపోయింది. మా ప్రాంతంలో కోర్టులో బొంకేవాడు కూడా ఆ స్వామి ముందర బొంకడు. తలకు స్నానం చేసి, తడిబట్టలతో నిలబడి ప్రమాణం చేస్తే అది ప్రాణంతో సమానం. "ఈ దినం మొదులు బెల్లం నాలిక మీద పెట్టను స్వామీ" అని మామ ప్రమాణం చేశాడు. చేసి బయటికొచ్చి కళ్లు తుడుచుకున్నాడు. కత్తికి భయపడి ఏడ్చాడో, బెల్లం పోయిందని ఏడ్చాడో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికొచ్చాక మందుల అంగడి నుంచి మా ఆయన రకరకాల పొడి డబ్బాలు తెచ్చి ముందర పెట్టాడు. "అన్నీ బలానికే అంట నాయనా. ఏదో ఒకటి ఎంచుకోమన్నాడు."

ఎంచుకునే పని ఎదురుపడేసరికి మా మామలోని మండీ మనిషి లేచి కూర్చున్నాడు. మూతలన్నీ తీయించాడు. మొదటి డబ్బాలో పొడి గోటితో తీసి నాలుక కొసన పెట్టి, కళ్లు మూసి, వెంటనే ఉమ్మేశాడు.

"థూ! గోడ నాకినట్టుండాది."

అత్త విసుక్కుంది. "మందుకు గూడా రుచి సూడాల్నా?"

"సరుకు గదే ఇది. సూడకుండా ఎట్ల తీసుకునేది?" రెండో దాన్ని వాసన చూసే మూత పెట్టేశాడు. మూడోది నాలుక మీద పెట్టాడు. ఆయన మొహం విచ్చుకుంది. బంగారు రంగు పొడి, నోట్లో పెడితే కరిగిపోతుంది. "ఇది సూడు! పదునుగా దించిన పాకం మాదిరుండాది. గరగర లేదు. మంచి సరుకు."

మాలో ఎవరికైనా అనుమానం రావద్దా? రాలేదు. మా లెక్కలో తీపి అంటే బెల్లం, చక్కెర, పాయసం. మందుల అంగట్లో డబ్బాలో దొరికేది మందు. మందు తియ్యగా ఉంటే అది మన అదృష్టం, పిల్లలకిచ్చే సిరప్పు తియ్యగా ఉండదా? చక్కెర చుక్క కూడా వేయకుండా ఆ పొడి నీళ్లలో కలిపి ఇచ్చే పని నాకు అప్పగించారు. ఎంతో జాగ్రత్తగా ఉన్నామని మా ఇంట్లో అందరికీ గర్వం కూడాను.

కొంచెం లేచి తిరిగే ఓపిక రాగానే మామ మండీకి పోవడం మొదలుపెట్టాడు. బెల్లం ముట్టకుండా, దిమ్మ విరిచి ఆ చప్పుడు విని, వాసన చూసి చెప్పేవాడు. మండీ నుంచి అలసి వచ్చి అరుగు మీద కూర్చోగానే నేను పొడి కలిపిచ్చేదాన్ని.

మొదటిసారి పడిపోయిన రోజు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. గ్లాసు కింద పెట్టిన కాసేపటికి "ఏమే, ఒల్లు ఎట్లెట్లో అవతాండాది" అన్నాడు. చూస్తుండగానే చొక్కా చెమటతో తడిసిపోయింది. పెదాలు తెల్లబడ్డాయి. గుండె కొట్టుకోవడం గుడ్డ మీద నుంచి కనిపిస్తోంది. కడుపు పట్టుకుని నేల మీదికి జారిపోయాడు. గుండెపోటే అనుకుని అందరం అరిచాం. డాక్టరును పిలుచుకొచ్చేసరికి చెమటలు తగ్గి మనిషి తేరుకున్నాడు. ఆ డాక్టరు నాడి చూసి, నీరసం, బలానికి ఇంకా బాగా పెట్టండి అన్నాడు. ఆయన మాత్రం అలాంటి ఆపరేషన్ అయిన మనిషిని ఎక్కడ చూసి ఉంటాడు?

బలానికి ఇంకో చెంచా వేశాను.

మర్నాడు మళ్లీ పడిపోయాడు. ఆ తర్వాత అది రోజూ జరిగేదే అయింది. మండీ నుంచి రావడం, కాసేపటికి పడిపోవడం. మా అత్తకు లెక్క తేలిపోయింది. మండీలో ఈయన బెల్లం తింటున్నాడు. ప్రమాణం తప్పాడు. స్వామి వదలడం లేదు.

"సేతులు సూపించు" అనేది ఆయన వాకిట్లో అడుగు పెట్టగానే. కళ్లు మూసుకుంటే మండీ మొత్తం ఆగి చూసే మనిషి, బడిపిల్లాడిలా రెండు చేతులూ చాపేవాడు. అత్త వేళ్లు ఒక్కొక్కటీ వాసన చూసేది. బెల్లం దిమ్మలు పట్టుకున్న చేతులు, వాసన రాకుండా ఉంటుందా?

"తినలేదే. నీ మీదొట్టు."

"ఇంగ ఒట్లు సాలు. ఆ ఒట్టే నిన్ను తింటాండాది."

మామ మూతికి తుండుగుడ్డ కట్టుకుని మండీకి పోసాగాడు. చెయ్యి మరిచిపోయి పైకి లేచినా నోటికి అందకూడదని. రైతులు నవ్వారు. "ఏమప్పా, సన్యాసం తీసుకుంటివా?" అన్నారు. అయినా పడిపోయాడు. మండీ మానేశాడు. అయినా పడిపోయాడు. అత్త ఇంట్లో ఉన్న బెల్లం మొత్తం ఊడ్చి ఆవులకు పెట్టేసింది. అయినా పడిపోతూనే ఉన్నాడు. ఇంకెక్కడో దాచుకున్నాడని అత్త బియ్యం డబ్బాలు కూడా వెతికింది.

ఇటు మనిషి కరిగిపోతున్నాడు. బుగ్గలు జారాయి. దిండు మీద వెంట్రుకలు కుచ్చులుగా రాలుతున్నాయి. పాదాలు వాచి, వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయేది. మేం అందరం ఆయన చేతుల్నే చూస్తున్నాం. నా చేతిలో ఉన్న గ్లాసును ఎవరూ చూడలేదు.

ఒక ఉదయం నన్ను దగ్గరకు పిలిచాడు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. అప్పటికి అలాగే కూర్చోవడం అలవాటైపోయింది ఆయనకు.

"పాపా, నేను నిద్దర్లో లేసి యాడికన్నా పోతాండానా?"

"లేదు మామా."

"సరిగ్గా సూసినావా?"

"లేదు మామా, మీరు యాడికీ పోల్యా."

నమ్మలేదు. తన నాలుక మీద ఆయనకున్న నమ్మకం ఎంతటిదో నేను చూసినదాన్ని. అలాంటి మనిషి తన నాలుకకే భయపడుతున్నాడు.

చివరికి ఆయనే తేల్చేశాడు. కాణిపాకం పోయి, మళ్లీ ప్రమాణం చేస్తానన్నాడు. మా అత్త ఆయన కాళ్ల మీద పడింది. బస్సులో కూడా చెవిలో బతిమాలుతూనే ఉంది. "తప్పు జేసింటే ఒప్పుకోయ్యా. కాయకర్పూరం ఇచ్చి లెంపలేసుకుందాం. స్వామి సల్లనోడు, మన్నిస్తాడు. ప్రమాణం మాత్రం సెయ్యొద్దు. నా పసుపుకుంకాల మీద దయుంచు."

"ఇట్ల బతికేదాని కంటే తేల్సుకునేదే మేలు లేవే" అన్నాడు, కిటికీలోంచి చెరకు తోటలు చూస్తూ.

ప్రమాణానికి ముందు నోట్లో ఏమీ వేయకూడదు కాబట్టి ఆ పొద్దు పచ్చి మంచినీళ్లు కూడా తాగలేదు. స్నానం చేసి తడిబట్టలతో నిలబడ్డాడు. ఒకప్పుడు నిండుగా ఉన్న ఒంటి మీద తోలు ఎక్కువైన చొక్కాలా వేలాడుతోంది. గొంతు మాత్రం మండీ గొంతే.

"నీ ముందర మాటిచ్చిన దినం మొదులు ఈ దినం దాకా, బెల్లం నా నాలిక మీద పెట్టి ఎరగను. ఇది అబద్దమైతే నన్ను ఈడ్నే తీసకపో స్వామీ."

నేను స్తంభం పట్టుకున్నాను. మా అత్త కళ్లు మూసుకుంది. పడతాడు, ఇప్పుడు పడతాడు అనుకుంటూ ఆయన మోకాళ్లనే చూస్తున్నాను. ఏమీ కాలేదు. వెనక నిలబడ్డవాళ్లు జరగమన్నారు, జరిగాం. బయటికొచ్చి అత్త తెచ్చిన పెరుగన్నం రెండు ముద్దలు తిన్నాడు. అప్పుడూ ఏమీ కాలేదు. బస్సెక్కి ఇంటికొచ్చే దాకా మా అత్త ఏడుస్తూనే ఉంది, సంతోషంతో. "పాపిష్టిదాన్ని, నిన్ను అనుమానించినా గదయ్యా" అని బస్సులో అందరూ వినేటట్టు అంది. ఇల్లు చేరగానే ఆమే నాకు చెప్పింది, పొడి చిక్కగా కలపమని.

తాగాడు. కాసేపటికి చెమటలు మొదలయ్యాయి.

ఆ సాయంకాలం మా ఇంట్లో లేచిన ఏడుపు శత్రువుకు కూడా వద్దు. ప్రమాణం చేసొచ్చిన మనిషి, ఇంట్లో అడుగుపెట్టి పడిపోయాడు. ఇరుగూ పొరుగూ వాకిట్లో గుమిగూడారు. "కాణిపాకంలో బొంకొచ్చినాడంట" అన్న మాట నా చెవినే పడింది. మా అత్త తల నేలకేసి కొట్టుకుంటోంది. "అయిపాయె! ఇంగ స్వామి ఒదల్డు!"

మామ నేల మీద వెల్లకిలా పడి, పైకప్పు చూస్తున్నాడు. చెమట కళ్లలోకి కారుతోంది. పెదాలు కదులుతున్నాయి. వంగి విన్నాను.

"పాపా... నేను ఈ పొద్దు ఏమేం తినింటి?"

"ఏమీ తినల్యా మామా. ఆడ రెండు ముద్దలు పెరుగన్నం. ఇప్పుడు పొడి."

"పెరుగన్నం తిన్నాక ఏం గాలా."

"గాలేదు మామా."

"మండీకి పోలా. బెల్లం సూడనే లేదు. మల్ల ఎందుకొచ్చె?" ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఆ డబ్బా తీసకరా."

తెచ్చాను. గోటితో పలుకంత పొడి తీసి నాలుక కొసన పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. వాకిట్లో జనం నోరు మూశారు. ఆయన కళ్ల కొసల్లోంచి నీళ్లు కారాయి.

"నాశనమైపోనీ! ఇదంతా తీపే గదే. సగానికి సగం సక్కెరే. సరుకు బాగుందా అని సూస్తి గానీ, తీపి అని తలసకపోతినే."

అత్త తల కొట్టుకోవడం ఆపి, డబ్బా లాక్కుని తానూ నాలుక మీద పెట్టి చూసింది.

మర్నాడు మా ఆయన మద్రాసుకు ట్రంకాల్ చేశాడు. పొడి పేరు చెప్పగానే డాక్టరు పెట్టిన చీవాట్లకు మా ఆయన రిసీవరు చెవికి దూరంగా పట్టుకోవలసి వచ్చిందట. పిల్లలు పాలల్లో కలుపుకునే తీపిపొడి అది. అందులో ప్రోటీన్ అంతంతమాత్రం. ఆ చిన్న కడుపులోంచి చక్కెర ఒక్కసారిగా పేగులోకి దూకితే అలాగే చెమటలు పట్టి, గుండె దడదడలాడి పడిపోతాడట. కండ కరిగింది కూడా అందుకే. ఇంకొన్నాళ్లు అలాగే తాగించి ఉంటే మనిషి దక్కేవాడు కాదని చెప్పాడు.

మామ ఈసారి తానే మందుల అంగడికి పోయాడు, నా భుజం పట్టుకుని. "అప్పా, నీ అంగట్లో ఎవురూ కొనని పొడి ఏదుండాదో అది తియ్యి" అన్నాడు. అంగడతను పై అరలోంచి ఒక డబ్బా తీసి దుమ్ము ఊదాడు. పాల విరుగుడుతో చేసిన పొడి, తీపి అన్నది లేదు. మామ అక్కడే నాలుక మీద పెట్టుకుని, ఒళ్లంతా జలదరించి, "ఇదే. ఇంత అద్దువానంగా ఉందంటే ఇదే మందు" అన్నాడు. అయినా డాక్టరుకు మళ్లీ ఫోను చేసి, ఆ పేరు చెప్పి, ఆయన సరేనన్నాకే మూత తీశాం.

చెమటలు రాలేదు. కొన్నాళ్లకు పాదాల వాపు తీసింది. బుగ్గల మీద కాస్త కండ పట్టింది. ప్రమాణం చేసిన పొద్దు పొడి తాగనివ్వకుండా చేసి చూపించింది స్వామేనని మా అత్త ఊరంతా చెప్పుకుంది. చెప్పుకోనీ, ఆమె పడ్డ భయం ఆమెది.

చాలా నెలల తర్వాత, ఒక పొద్దున మామ అరుగు మీద కూర్చుని ఆ పొడి తాగుతుంటే, మనసులో ఉన్నది అడిగేశాను. "మామా, ఆ దినం అంత ధైర్నంగా ఎట్ల ప్రమాణం జేసినారు? మా పై ప్రాణాలు పైనే పోయినాయి."

"ధైర్నమా?" గ్లాసు దించి, నా వైపు చూసి, అత్త ఎక్కడుందోనని లోపలికి ఒకసారి చూశాడు. గొంతు తగ్గించాడు. "నేను తిన్నానో లేదో నాకే తెలీదమ్మా. ఇన్నేండ్లు ఈ సెయ్యి నన్ను అడక్కుండానే నోటికి పోయింది. మల్లా పోయిందేమో, యాడ తెలుసు? మీ అత్త దినామూ అంటాంటే, నేనే తింటాండానేమో అనుకుంటి."

"మల్ల... అబద్దమై ఉంటే?"

"ఉంటే ఆడ్నే పోయుందును. పోతే పోనీ, మీకు దినామూ భయపడే పని తప్పుతుంది గదా అనుకుంటి."

మిగిలింది ముక్కు మూసుకుని తాగేసి, మొహం చిట్లించి, గ్లాసు నా చేతికిచ్చాడు. మండీకి పొద్దుపోతుందంటూ చెప్పులేసుకుని వీధిలోకి దిగాడు. నేను ఆ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కాణిపాకంలో స్తంభం పట్టుకుని నిలబడినప్పుడు కూడా నాకు అంత భయం వేయలేదు.